కొండ కూజామొక్కను గదిలో పెంచవచ్చునా?

మా పాఠశాలలో ప్రకృతిశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థియు కూజామొక్క పటమును ఒక్కమారైనను గీసియుండును. ఆకు కొన తీగయై సాగి, తీగ కొన కూజాయై ఉబ్బి, దానిపై మూత, లోని నీటిలో చీమ. ఈ యేడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు పటముతో తృప్తి నొందక, "మాస్టరుగారూ, కొండజాతి కూజామొక్క నొకదానిని తెప్పించి సైన్సు గదిలో పెంచుదమా?" అని యడిగెను. వాని తండ్రిగారు వెల తామే యిచ్చెదమని చెప్పి పంపిరి. మేము వలదంటిమి. ఎందుకు వలదంటిమో ఆ బాలునికే గాక తల్లిదండ్రుల కందఱకును తెలుపవలసియున్నది; ఏలయనగా ఈ మొక్క లిప్పుడు పెట్టెలలో ఇంటింటికి వచ్చుచున్నవి.

"ఉష్ణమండలపు మొక్క" యను మాటయే మొదటి మోసము. ఆ మాట వినగానే మనకు మే నెల తలపునకు వచ్చును. నెపెంథిస్ ప్రజాతిలో పల్లపు జాతులును గలవు. అవి వేడి నోర్చును. కొండజాతుల సంగతి వేఱు. బోర్నియో దీవిలోని కినబాలు పర్వతము 4095 మీటర్ల యెత్తు గలది. దానిపై 1500 మొదలు 2650 మీటర్ల నడుమ నెపెంథిస్ రాజా పెరుగును. 1858లో హ్యూ లో దొర దానిని సేకరింపగా, మఱుసటి యేట జోసెఫ్ హుకరు వర్ణించి, సారవాకు నేలిన జేమ్సు బ్రూకు రాజు గౌరవార్థము ఆ పేరిడెను. దాని పెద్ద కూజాలో మూడు లీటర్ల నీరు పట్టును. ఇంకొక వింత కలదు. ఈ మొక్క పురుగులనే నమ్ముకొని యుండదు. ట్రీ ష్రూ అను ఉడుతవంటి జంతువు మూత క్రింది తేనెను నాకుచు, కూజాయే మరుగుదొడ్డి యైనట్లు అందులోనే మలము విడుచును. ఆ యెరువునుండి మొక్క నత్రజనిని గ్రహించును. (ఈ సంగతి చెప్పిననాడు తరగతిలో నవ్వు నిలుపుట మా వశము గాలేదు.)

ఆ పర్వతము భూమధ్యరేఖకు దాపుననే యున్నది. అయినను వేయి మీటర్లు ఎక్కిన సుమారు 6 డిగ్రీలు చల్లబడును గదా! అందుచే ఇట్టి మొక్కలను పెంచువారు పగలు 20 మొదలు 25, రాత్రి 10 మొదలు 15 డిగ్రీల సెంటిగ్రేడు ఉండునట్లు చూతురు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోని ధనవంతులు ఈ భేదము నెఱుగక, కొండజాతులను సయితము వేడి గాజుటిండ్లలో నుంచి అనేకములను పోగొట్టుకొనిరి.

వారిని పరిహసించుటకు మాకు హక్కు లేదు. రెండేండ్ల క్రిందట మేమే యొక కొండజాతి మొక్కను కొని ఇంటి కిటికీకడ నుంచితిమి. నవంబరు మొదలు జనవరి వఱకు అది రెండు క్రొత్త ఆకులను, బొటనవ్రేలంత కూజాను దాల్చెను. నాటి గర్వము తలచుకొనిన ఇప్పుడు సిగ్గగును. మార్చిలో ఆకులు వచ్చినవి గాని వాని కొనలు ఎండిపోయి కూజాలు కట్టలేదు. ఆకలి యనుకొని పాత కూజాలో మాంసపు తునుక వేసితిమి. అది క్రుళ్లి కూజాయే నల్లబడెను. దాహమనుకొని లవణములు మెండుగా గల కుళాయినీరు పోసితిమి. మే నెలలో, రాత్రియు 29 డిగ్రీలకు దిగని గదిలో, మూడు వారములకు మొక్క గోధుమవన్నె దాల్చి చచ్చెను. మా తప్పులన్నిటిలో పెద్దది ఆ రాత్రివేడియే యని మా యూహ. పగలు కూర్చుకొన్న చక్కెరను రాత్రి శ్వాసక్రియ ఖర్చుపెట్టును. వేడి హెచ్చినకొలది ఖర్చును హెచ్చును. రాబడి చాలని సంసారమువలె మొక్క చిక్కిపోవును.

సరియైన పద్ధతి లేకపోలేదు. గాజుపెట్టెలో ఎల్.ఇ.డి. దీపములు దినమునకు 12 గంటలు వెలుగవలెను. గాలిలో తేమ నూటికి 70 పాళ్లకు తగ్గరాదు. అయినను గాలి నిలిచిపోకుండ చిన్న పంకా తిరుగవలెను. మన్నునకు మారుగా స్ఫాగ్నమ్ నాచును పెర్లైటును కలిపి వాడవలెను. పోయునది వాననీరో డిస్టిల్డ్ వాటరో కావలెను. ఇంతవఱకు మా సైన్సు గదిలో అమర్చుట కష్టము గాదు. చిక్కంతయు రాత్రి చల్లదనమునందే. కొందరు మంచుగడ్డ సీసాలు పెట్టుదురు. సెలవులలో వానిని మార్చువారెవరు? కొందరు గదికి శీతలయంత్రము పెట్టుదురు. విజ్ఞానమునకై చేయు వ్యయము వ్యయమే గాదని మా సహోపాధ్యాయు లొకరు వాదించిరి. ఆ వాదమును మేము త్రోసివేయము. కాని ఏప్రిలు నెలలో వసతిగృహపు బాలురు పదిమంది ఒక్క పంకా క్రింద నిద్రించుచుండగా, ప్రక్క గదిలో మొక్కకు శీతలయంత్రము త్రిప్పుటకు మా మనస్సు ఒప్పదు.

కొను తావును గూర్చియు విచారింపవలెను. పశ్చిమ కాలిమంతనులో కెలాం అను ఒక్క కొండమీదనే పుట్టు నెపెంథిస్ క్లిపియాటా సేకరించువారి యాశచేతను కార్చిచ్చులచేతను నశించుదశకు వచ్చినది. అంత దూరమేల? మన దేశమున స్వయముగా పెరుగు నెపెంథిస్ ఒక్కటియే, మేఘాలయలోని ఖాసియానా. గారో జనులు దానిని మేమాంగ్ కోక్సి, అనగా దయ్యపుబుట్ట, అందురు. అడవినుండి దానిని పెఱికి తెచ్చుట చట్టవిరుద్ధము. నర్సరీలో విత్తనమునుండియో టిష్యూ కల్చరు వలననో పెంచిన మొక్కయని రుజువు చూపలేనివానియొద్ద ఎంత చవుకైనను ఏ జాతిని కొనరాదని మా దృఢాభిప్రాయము.

బాలుడు చిన్నబోయెను. మేమును సంతోషముతో కాదనలేదు. మన తెలుగునేలలోనే తడి పల్లములలో రూపాయి బిళ్లంత ఎఱ్ఱని డ్రాసెరా, జిగురు వెండ్రుకలతో దోమలను పట్టుచుండును. వానలు వెనుకబట్టిన పిమ్మట తొమ్మిదవ తరగతివారిని భూతద్దములతో తీసికొనిపోయి చూపెదము, ఒక్కటియు పెఱుకమను మాటమీద. ఆ బాలునికి ఒక థర్మామీటరు నిచ్చితిమి. సైన్సు గదిలో ప్రతి రాత్రి కనిష్ఠోష్ణము నొక సంవత్సరము వ్రాసియుంచిన పిమ్మట తానే తీర్పు చెప్పవచ్చునంటిమి. నోటుపుస్తకములో ఇంతవఱకు నిండినవి నాలుగు పుటలు. జనవరిలో మూడు రాత్రులు మాత్రము 17 కనబడినది. వాని క్రింద వాడు ఎఱ్ఱసిరాతో గీత గీసియున్నాడు.