వగరూ, మందూ

నిజం చెప్పొద్దూ, వైన్ గురించి ఈ శీర్షికలో రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. నిరుడు ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో నా పాత విద్యార్థి ఇంట భోజనానికి కూర్చోకపోతే ఈ గొడవే లేకపోను.

"ఇది మాదిరాన్, మాస్టారూ!" అంటూ సీసా తెచ్చి బల్లమీద పెట్టాడు. మన "మదిర"కు చుట్టం కాబోలనుకున్నాను. కాదట! అది పిరెనీస్ పర్వతాలకు ఉత్తరాన, అదూర్ నది ప్రాంతంలో వున్న పల్లె పేరు. ఆ చుట్టుపట్ల తయారయ్యే ఎర్ర వైన్‌కు 1948లో ఆ పేరు చట్టరీత్యా ఖాయమయింది. దానికి ప్రధానమైన ద్రాక్ష పేరు తన్నా. పేరు వింటే మనకు నవ్వొస్తుంది గాని, అది తన్నే మాట నిజమే. చుక్క నాలుకమీద వేసుకునేసరికి పచ్చి అరటికాయ కొరికినట్టు నోరంతా పిడచ కట్టుకుపోయింది.

షడ్రుచుల్లో మనం ఉగాదినాడు తప్ప తలవని వగరు ఇదే. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ టానిన్ అనే పదార్థం వుంటుంది. అది లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకుని ముద్ద చేస్తుంది. దాంతో నోట్లో జారుడు పోతుంది. పూర్వం అక్కడ ఓక్ చెట్టు బెరడుతో తోళ్లు పదును చేసేవారు. ఆ బెరడుకు ఫ్రెంచిలో "తాన్" అని పేరు. టానిన్ అన్న మాట అందులోంచే పుట్టింది. మనవైపు ఆ పని తంగేడు చెక్క చేసేది. ఈ వగరు మొరటుతనాన్ని తగ్గించడానికి 1990ల ఆరంభంలో మాదిరాన్ రైతు పాత్రిక్ దుకుర్నో, వైన్‌లోకి సన్నసన్నని ఆక్సిజన్ బుడగలు పంపే పద్ధతి కనిపెట్టాడు.

"ఇప్పుడు దీనితో చూడండి" అని ఇల్లాలు బాతు మాంసం వడ్డించింది. ఉప్పులో ఊరవేసి, దాని కొవ్వులోనే సన్నని సెగమీద గంటలకొద్దీ మగ్గనిచ్చిన వంట అది. రెండో చుక్కకు వగరు సగం దిగింది. మాంసం జిడ్డూ విరిగింది. కొవ్వూ వగరూ ఒకదాన్నొకటి అణచుకుంటాయని 2012లో శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి మరీ చెప్పారు. అందుకే అక్కడివారు తెల్ల చిక్కుళ్లూ మాంసమూ కలిపి వండే కసూలేకూ, కొండ గొర్రెల పాల జున్నుకూ దీన్ని జత చేస్తారు. మన గుంటూరు మిరప కారానికి మాత్రం ఇది పనికిరాదు. మంటకు ఆజ్యం పోసినట్టే!

అంతలో వాళ్ల ఎనిమిదేళ్ల కుర్రాడు "అంకుల్, ఇది మందేనా?" అన్నాడు. సారాకూ ఔషధానికీ ఒకే మాట వాడే జాతి మనది. వాడి ప్రశ్నలో తప్పేముంది?

తండ్రి అందుకున్నాడు. "మందే! గుండెకు మంచిదని 2006లో 'నేచర్' పత్రికలో వచ్చింది. మీరైనా దీనికి చెప్పండి మాస్టారూ, రాత్రి రెండు గ్లాసులకు రోజూ పోట్లాట."

ఆమె తలెత్తలేదు. జవాబు కోసం చెవి ఒగ్గినట్టు మాత్రం తెలిసింది.

నేను తెలుగు మాస్టర్ని. అయినా చదివింది చెప్పాను. ఆ వ్యాసం ఈ ప్రాంతపు వైన్‌లో రక్తనాళాలకు మేలుచేసే పదార్థం ఎక్కువగా వుందన్న మాట నిజం. కాని ఆల్కహాలు క్యాన్సర్ కారకమనీ, ఇంత తాగితే హానిలేదని చెప్పగల కొలత లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. "బాతు మాంసం పక్కన ఇది రుచి. రాత్రి ఒంటరిగా రెండు గ్లాసులంటే అది అలవాటు. మందు మాత్రం ఎప్పుడూ కాదు" అన్నాను.

అతను మాట్లాడలేదు. కాసేపటికి తనే బిరడా బిగించి సీసా లోపల పెట్టి వచ్చాడు. మర్నాటి సంగతి నేనడగలేదు.

అన్నట్టు, ఆ రెండు చుక్కల సంగతి మా ఆవిడ కూడా మొదటిసారి ఇక్కడే చదువుతుంది. ఇవాళ మా ఇంట వడ్డించే వగరుకు ఏ కొవ్వూ విరుగుడు కాదేమో!