కుదుపులో తూకం

శంషాబాద్‌ రన్‌వే మీద విమానం ఊపందుకోగానే వీపు సీటుకు అదుముకుంటుంది. కళ్లు మూసుకుంటే అది ఇంజన్ల తోపుడో, భూమి లాగుడో ఒంటికి తెలియదు. విమానంలో పెట్టిన, భూమి ఆకర్షణను కొలిచే మామూలు గ్రావిమీటరుదీ ఇదే తిప్పలు. కుదుపు ముందు కింది రాళ్ల బరువులోని తేడా ఏ మూలకూ రాదు.

గ్రేడియోమీటరు దీనికి ఒక ఉపాయం. తిరిగే పళ్లెం మీద నాలుగు యాక్సిలరోమీటర్లు ఎదురెదురు జతలుగా ఉంటాయి. కుదుపు నాలుగింటికీ ఒకటే కనుక తీసివేతలో పోతుంది. రాతి ఆకర్షణ చోటు మారితే మారుతుంది కనుక ఆ తేడా మిగులుతుంది. దాన్ని కొలిచే ప్రమాణం ఎట్వష్‌: కిలోమీటరుకు, గ్రావిటీ కొలమానమైన మిల్లీగాల్‌లో పదో వంతు. ఇంత సూక్ష్మమైన లెక్కలో దారిపొడవునా విమానం తాగేసిన ఇంధనం బరువును కూడా సవరించుకోవాలి.

అయితే కుదుపు పూర్తిగా పోతుందనుకుంటే పొరపాటే. ఎండ ముదిరి వేడిగాలి లేస్తే కొంత మిగిలే ఉంటుంది. పైగా గ్రావిటీ దూరం వర్గంతో తగ్గితే, ఈ తేడా ఘనంతో తగ్గుతుంది. అందుకే నేలకు వంద మీటర్ల ఎత్తులో ఎగరాలి. విమానాలు దిగే దారిలో, గ్రానైట్‌ గుట్టల మీద ఆ ఎత్తు ఎవరిస్తారు? ఆ గుట్టల ఆకర్షణే కింది ఖనిజాన్ని మరుగుపరచవచ్చు కూడా.

నారాయణపేట, వజ్రకరూరు కింబర్లైట్ల (వజ్రాలుండే రాతి గొట్టాల) వెతుకులాటలో మాత్రం దీని పక్షాన బలమైన వాదన ఉంది. పైపొరల్లోని సాంద్రత తేడాను ఇది చురుగ్గా పట్టుకుంటుంది. నడిచి నెలలు పట్టే మేరను రోజుల్లో చుట్టేస్తుంది. కాకపోతే మరీ చిన్న గొట్టాలు దీని కంటికీ ఆనకపోవచ్చు. లోతైన రాతి నిర్మాణాల విషయంలోనూ ఇది బలహీనమే.

సముద్రంలో గ్రేడియోమీటరును మోసే ఓడ నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి రీడింగులు ఎక్కువ దొరుకుతాయి. కానీ కృష్ణా-గోదావరి బేసిన్‌ లోతునీళ్లలో సముద్రగర్భమే దూరమై సంకేతం పలచబడుతుంది.

కనుక గ్రేడియోమీటరును తెచ్చి గ్రావిమీటరును తోసెయ్యడం తొందరపాటు. ఉప్పల్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ 1975లో వెలువరించిన దేశ గ్రావిటీ పటానికి నేల మీది కొలతలే ఆధారం. లోతు సంగతులకు అలాంటి పటాలు, అనుమానమున్న చోట గ్రేడియోమీటరు, చివరికి డ్రిల్లింగ్‌ అన్న వరుస సబబనిపిస్తుంది. శంషాబాద్‌ చుట్టుపక్కల వరకైతే నా ఓటు ఇప్పటికీ జీపులో తిరిగే గ్రావిమీటరుకే.