పుఱ్ఱెకొక బుద్ధి

"పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి" యను సామెతను మన పెద్దలు నవ్వుచు చెప్పుదురు. బడిలో పనిచేయువారికి అది నవ్వులమాట గాదు. ప్రతిదినము ఎదుటబడు సత్యము. నలువదిమంది పిల్లలు ఒకే పాఠమును విని నలువది విధములుగ గ్రహింతురు. ఈ సంవత్సరపు సంచికకు వ్యాసమొకటి వ్రాయవలసినదని సంపాదకులు కోరినపుడు, కాలము విలువను గుఱించియో, క్రమశిక్షణను గుఱించియో వ్రాయుదమని మొదట తలచితిమి. కాని కొంతకాలముగ మా మనస్సును వదలని ప్రశ్న యొకటి కలదు. దానిని దాచిపెట్టి వేఱొకటి వ్రాయుట కపటమగునని తోచి, దానినే చదువరుల ముందుంచుచున్నాము. నడివయస్సున నున్న మనుష్యుడు తన స్వభావమునందలి కొన్ని గుణములను జూచుకొని, "నేను ఆటిజము గలవాడనా?" యని విచారించుట తగునా? తగినచో, ఆ విచారణ ఎంతవఱకు పోవలయును? ఇదియే ఆ ప్రశ్న.

ఇది మాకు పుస్తకములనుండి పుట్టలేదు. ఇదివఱకు మేము పనిచేసిన వేఱొక పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలుడొకడుండెను. లెక్కలలో దిట్ట. నంద్యాల నుండి ఎఱ్ఱగుంట్లకు పోవు రైలు బనగానపల్లె, కోయిలకుంట్ల, సంజామల, నొస్సం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు స్టేషనులకు ఏ వేళకు చేరునో తడువుకొనక అప్పగించువాడు. కాని పేరు పెట్టి పిలిచినను ముఖమెత్తి చూచువాడు కాడు. గంట మ్రోగగానే చెవులు మూసికొనువాడు. తోటిపిల్లలు నవ్వుచుండిరి. ఒకనాడు మేమది పొగరని యెంచి, "ముఖము చూచి మాటాడు"మని గద్దించి, మాటాడనందున గది వెలుపల వరండాలో నిలువబెట్టితిమి. ఆ వరండాలోనే బడిగంట వ్రేలాడుచుండెను. మధ్యాహ్నపు గంట కొట్టినపుడు ఆ బాలుడు గోడకు తల మోదుకొనెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మాకొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఏండ్ల తరబడి మేమును గంట కొట్టుటకు రెండు నిమిషములు ముందుగ చేతిగడియారము చూచుకొని, ఆవరణము చివరనున్న వేపచెట్టు దాపునకు పోవుచుంటిమి. ఏల పోవుచున్నామని ఎన్నడును తలపోసికొనలేదు. ఆ శబ్దము మాకును పండ్లలో సూదులు గ్రుచ్చినట్లే యుండును. ఉపాధ్యాయులము గనుక మేము లేచి పోగలిగితిమి. విద్యార్థి గనుక అతడు పోలేకపోయెను. మాకిద్దఱకును గల భేదమంతయు నింతేనా యని ఆనాడు మొదటిసారి శంకించితిమి. ఆ బాలుని సంగతి అతని తలిదండ్రులకు జెందినది గాన, ఇంతకుమించి ఇచ్చట వ్రాయము. మా సంగతి మాత్రమే వ్రాయుదుము.

మొదట మాటను తెలిసికొందము. ఆటిజమను పేరు "తాను" అను అర్థము గల "ఆటోస్" అను గ్రీకు పదమునుండి పుట్టినది. స్విట్జర్లాండు వైద్యుడైన బ్లాయిలర్ 1911 ప్రాంతమున దీనిని వేఱొక మనోవ్యాధి లక్షణమునకు పేరుగ వాడెను. 1925లో మాస్కోలో గ్రున్యా సుఖరేవా అను వైద్యురాలు ఇట్టి స్వభావముగల ఆఱుగురు బాలురను వర్ణించెను. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ 11 మంది పిల్లలను గుఱించి వ్రాసిన వ్యాసముతో ఈ పేరు స్థిరపడెను. మరుసటి సంవత్సరము వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ ఇంచుమించు ఇట్టివారినే వర్ణించెను. ఆ పిమ్మట చాలకాలము తల్లి ప్రేమ చాలకపోవుటయే దీనికి కారణమని కొందఱు పండితులు తల్లులను నిందించిరి. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనువారు కవలపిల్లలను పరిశీలించి, ఇది చాలవఱకు వంశానుగతమని చూపుటతో ఆ నిందకు బలము తగ్గెను. తన కుమార్తెయందే దీనిని చూచిన లోర్నా వింగ్ అను ఆంగ్ల వైద్యురాలు, జూడిత్ గౌల్డ్ అను సహచరితో గూడి 1979లో ప్రకటించిన పరిశోధన, ఇది ఒకే అచ్చున పోసిన స్థితి కాదని తెలిపెను. పట్టకముగుండ పోయిన వెలుగు వర్ణపటముగ విడివడుటను మన విద్యార్థులు ప్రయోగశాలలో చూతురు. ఏ రంగు ఎచట ముగిసి ఏ రంగు ఎచట మొదలగునో గీత గీచి చూపలేము. ఆటిజమును అట్టిదే. మాట యొక్కటియు రానివారును, అనర్గళముగ మాటాడువారును అందు కలరు.

2013లో అమెరికా మనోవైద్యులు సవరించి ప్రకటించిన లక్షణపట్టిక ప్రకారము, ఇతరులతో కలసిమెలసి మెలగుటలోను, మాటలోను, ముఖకవళికలు గ్రహించుటలోను చిక్కులుండవలెను. ఇది యొక వర్గము. చేసిన పనినే చేయుట, నియమము తప్పిన తల్లడిల్లుట, ఒక్క విషయముపై అపారమైన ఆసక్తి, శబ్దస్పర్శాదులయందు అతిసూక్ష్మత లేక మందత, వీనిలో రెండైన నుండవలెను. ఇది రెండవ వర్గము. ఇవి బాల్యమునుండియు నుండవలెను. జీవితమునకు నిజముగ అడ్డు తగులుచుండవలెను. ఈ కడపటి రెండు నిబంధనలను మఱచినచో ప్రతివాడును తనకు ఆటిజము కలదని భ్రమపడవచ్చును.

మమ్ము మేము చూచుకొంటిమి. రాబోవు ఇరువది యేండ్ల ఈస్టరు తేదీలు మాకు కంఠస్థము. ఎవరును అడుగకయే చెప్పి విసిగించుదుము. పెండ్లి విందులకు పోవునపుడు ఎవరితో ఏమి మాటాడవలెనో ఇంటిలోనే అనుకొని పోవుదుము. అనుకొనిన మూడు మాటలు ముగియగానే చెప్పులు వెదకుకొందుము. కొందఱు బంధువులు మమ్ము గర్వియనిరి, కొందఱు ముభావియనిరి. మేమును ఆ మాటలను నమ్మి, ప్రార్థనలో గర్వమును తొలగింపుమని ఎన్నియో యేండ్లు వేడుకొంటిమి. బాల్యమును గుఱించి మా తల్లిగారిని అడిగితిమి. క్రిస్మసునాడు గుడిలో తాళములు, డోలు మొదలిడగానే మేము కేకలు వేయుచుంటిమట. మమ్మెత్తుకొని ఆమె ఆరాధన ముగియువఱకు వెలుపలనే కూర్చుండెడిదట. "నువ్వు చిన్నప్పటినుంచీ అట్లనే గదరా! ఇప్పుడేమి కొత్తగా?" అని యామె నవ్విరి.

సైమన్ బారన్-కోహెన్ మొదలగువారు కేంబ్రిడ్జిలో 2001లో ప్రకటించిన 50 ప్రశ్నల పట్టిక యొకటి కలదు. 32 గాని అంతకుమించి గాని వచ్చినవారు శ్రద్ధ వహింపదగును. మాకు 35 వచ్చినవి. ఆ యంకెను జూచి మొదట భయమును, పిదప ఏదో యూఱటయు గలిగెను. కాని ఉపాధ్యాయులమైన మనకు మార్కుల సంగతి తెలియును. ఒక్క పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి బాలుని జీవితమును నిర్ణయింపరాదని మనమే చెప్పుదుము గదా! ఆ పట్టికయు నిర్ణయము కాదు. మితిమీఱిన బిడియము, ఆందోళన, అవధాన లోపము, వినికిడి తక్కువగుట, వీనిలో ఏదైన అట్టి జవాబులనే చెప్పింపవచ్చును. పైగా ఆ ప్రశ్నలు ఆ దేశపువారికై వ్రాసినవి. నాటకశాలకు పోదువా, వస్తుప్రదర్శనశాలకు పోదువా యని అడిగిన కోయిలకుంట్ల వాసి ఏమని చెప్పగలడు?

మన దేశాచారము ఈ విషయమును ఇంకను మఱుగుపఱచుచున్నది. పెద్దల కన్నులలోనికి చూచుట ఇచ్చట అవిధేయత. తలవంచి నిలుచు బాలుడు వినయశీలి యనిపించుకొనును. ఎవరితోను మాటాడని బాలిక అణకువ గలదియని మెప్పు పొందును. ఆ మెప్పు చాటున వారెంత బాధ పడుచున్నారో ఎవరును విచారింపరు. ఒకవేళ తెలిసినను, ఇంటిలో ఆడపిల్లల పెండ్లిండ్లు చెడునను భయముచేత దాచుదురు. ఆ భయమును మేము ఎగతాళి చేయము. మాకును కుమార్తె కలదు.

"నలువది దాటిన పిమ్మట ఇదంతయు నేల? ఇన్నాళ్లు బ్రదుకలేదా?" యని మిత్రులొకరు అడిగిరి. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. జవాబునకై మన పొలములను జూపెదము. కుందూ నది యొడ్డున మనది నల్లరేగడి. వానకాలమున కాలు పెట్టనీయదు. ఎండకాలమున నెఱ్ఱెలు విచ్చును. ఎఱ్ఱనేలకు అలవాటుపడినవాడు దీనిని చెడ్డనేల యనవచ్చును. కాని ఆశ్వయుజ కార్తికములలో శనగ చల్లినచో, వాన లేకున్నను, తనలో దాచుకొనిన తేమతోనే ఈ నేల పంటను పండించును. రైతు నేలపేరు అడుగునది నేలను నిందించుటకు గాదు. విత్తనమును, అదనును ఎంచుకొనుటకు. మనుష్యుడు తన స్వభావమునకు తగిన పేరు వెదకుటయు నట్టిదే. గర్వమునకు మందు పశ్చాత్తాపము. చెవిబాధకు మందు వేపచెట్టు నీడ. లేని గర్వమునకై ముప్పది యేండ్లు పశ్చాత్తాపపడినవానికి ఈ భేదము చిన్నది కాదు.

ఐనను పేరు పెట్టవలసినవారు మేము కాము, ఎఱిగిన వైద్యులు. మన తెలుగువారిలో ఈ పనికి పేరుగాంచిన చోటు సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్. మానసిక వికలాంగుల జాతీయ సంస్థ అను పేరుతో అచట 1984లో వెలసి, నేడు బౌద్ధిక వైకల్యము గలవారి సాధికారతకై పేరు మార్చుకొనిన సంస్థ, ఆటిజమును కొలుచుటకు మన దేశమునకు తగిన కొలబద్ద నొకదానిని 2009లో వెలువరించెను. అందు 40 అంశములు కలవు. అది ముఖ్యముగ పిల్లలను దృష్టియందుంచుకొని చేసినది గాన, పెద్దవారి విషయమున వైద్యుడు బాల్యచరిత్రను ఓపికతో వినవలసియుండును. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజము పేరు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమున చేరెను. 2016 చట్టము 21 వైకల్యములను పేర్కొని, అందు దీనికి స్థానమిచ్చెను. మన యూరికి రైలు వచ్చినదియు ఆ సంవత్సరమే. నిర్ణీత ప్రమాణము గల వైకల్యమున్న పిల్లలకు 6 మొదలు 18 ఏండ్లవఱకు ఉచిత విద్య ఆ చట్టమిచ్చిన హక్కు. మన రాష్ట్రమున మండలములందు ఇట్టి పిల్లలకై భవిత కేంద్రములు కలవు. తలిదండ్రులు సిగ్గుపడి ఆ ద్వారములను తట్టకుండుట పిల్లలకు నష్టము.

మా అభిప్రాయమును మూడు మాటలలో చెప్పెదము. మొదటిది, తన్ను తాను విచారించుకొనుట దోషము గాదు, వేడుకయు గాదు. ఆ గుణములవలన ఉద్యోగమునకో, కుటుంబమునకో, మనశ్శాంతికో అడ్డు కలుగుచున్నచో వైద్యుని యొద్దకు పోవలెను. కలుగనిచో తెలిసికొనిన మేరకు తన దినచర్యను దిద్దుకొనిన చాలును. రెండవది, ఈ పేరును తనకు డాలుగ గాని, ఇతరులపై ఱాయిగ గాని వాడరాదు. మేము ఒకరిని నొప్పించినచో, మా స్వభావమట్టిదని తప్పించుకొనుటకు వీలులేదు, క్షమాపణ చెప్పవలసినదే. తోటివానిని చూచి "వీడు ఆటిజము" అని నవ్వువారు, నిన్నటి "పిచ్చి" అను తిట్టుకే క్రొత్త చొక్కా తొడుగుచున్నారు. మూడవది, బడిలో దయ చూపుటకు ధ్రువపత్రము కొఱకు కాచియుండ నక్కఱలేదు. రేపటి కార్యక్రమమును నేడే నల్లబల్లపై వ్రాయుట, ముఖము చూడుమని బలవంతపెట్టకుండుట, గంటకు దూరముగ బల్ల వేయుట, వీనికి ప్రభుత్వపు ఉత్తరువేల? పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో శరీరమును, అవయవములను గుఱించి చెప్పిన సంగతిని మనము ఆదివారమున బోధింతుము. సోమవారమున అందఱును కన్నే కావలెనని కోరుదుము.

రాబోవు వేసవి సెలవులలో మేము సికింద్రాబాదు పోవ నిశ్చయించితిమి. మా తల్లిగారు తోడు వత్తుననిరి. బాల్యసాక్ష్యము చెప్పగలవారు ఆమె యొక్కరే గదా. వైద్యులు ఔననినను, కాదనినను, వరండాలో నిలువబెట్టిన ఆ బాలునికి మేము చేసినది అపరాధమే. అతని యింటికి పోయి, అతని యెదుటనే తప్పు ఒప్పుకొంటిమి. అతడు మా ముఖము చూడలేదు. రైలు ఆనాడు పది నిమిషములు ఆలస్యముగ వచ్చినదని మాత్రము చెప్పెను. మేమును అతని ముఖము చూడక, ఏ స్టేషనులో ఆగిపోయినదో అడిగితిమి. అరగంటసేపు మాటాడుకొంటిమి.

సహోపాధ్యాయులకు ఒక్క మనవి. గంట కొట్టుటకు ముందు ఏ బాలుడైనను, ఏ బాలికయైనను లేచి చెట్టు దాపునకు పోయినచో గద్దింపకుడు, పోనిండు. అచట మేమును ఉందుము.