కుట్టు లేని బంతి

2025 ఆగస్టు 4న ఓవల్ టెస్టులో ఇంగ్లండ్ గెలుపుకు ఏడు పరుగులు కావాలి. భారత పేసర్ సిరాజ్ యార్కర్‌కు అట్కిన్సన్ ఆఫ్‌స్టంప్ ఎగిరింది, భారత్ గెలిచింది. ముందురోజు బ్రూక్ క్యాచ్ పట్టి తాడు తొక్కింది ఈ సిరాజే. బతికిపోయిన బ్రూక్ 111 కొట్టాడు. రాత్రంతా ఆ పొరపాటు మోసిన మనిషి పొద్దున్నే మూడు వికెట్లు తీశాడు. ఐదు టెస్టుల్లో 185.3 ఓవర్లు, 23 వికెట్లు. నిజామాబాద్ జిల్లా ధర్పల్లిలో టీవీ ముందు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

పిల్లలకు ఆటలు నేర్పడమే నా ఉద్యోగం. అందుకే సిరాజ్ కథలో నాకు బాగా పట్టింది ఆ వికెట్లకు ముందు సంగతి. ఆటో నడిపిన గౌస్ గారి కొడుకు, ఇరవై ఏళ్లు వచ్చేదాకా హైదరాబాద్‌లో టెన్నిస్ బంతే వేశాడు. 2015లో రంజీ, మరుసటి సీజన్‌లో 41 వికెట్లు, 2017 ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు. అంత ఆలస్యంగా మొదలుపెట్టినా అందుకోగలిగాడంటే, లెదర్ బంతితో ఆడే క్లబ్బులు ఆయన ఊళ్లోనే ఉండబట్టి.

మా దగ్గర వరి కోతలయ్యాక ఎండిన మడే గ్రౌండు. రామడుగు ప్రాజెక్టు వైపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లల్లో నిజంగా వేగమున్న భుజాలు చూశాను. కానీ టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా తూగదు, లెదర్‌ది 160 దాకా. పైగా టెన్నిస్ బంతికి కుట్టు లేదు. కుట్టు నిలబెట్టి వదలడం, అది పిచ్‌ను తాకి ఎటు తిరుగుతుందో చూడటం, ఇదే ఫాస్ట్ బౌలర్ చదువు. దాని మొదటి అక్షరమే మా పిల్లల చేతికి రావడం లేదు.

నిరుడు ఒకణ్ని నిజామాబాద్‌లో సెలక్షన్లకు తీసుకుపోయాను. ఆరు బంతుల్లో నాలుగు వైడ్లు. "సార్, బంతి చేతుల నిలుస్తలేదు" అన్నాడు. తప్పు వాడిది కాదు. లెదర్ బంతి పట్టడం వాడికి అదే మొదలు.

ఇదే జిల్లాలో పుట్టిన నిఖత్ జరీన్ చిన్నవయసులోనే బాక్సింగ్ గ్లవ్స్ తొడిగింది, రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది. పల్లె బౌలర్‌కు కావలసింది స్టేడియం కాదు. మండలానికి ఒక సిమెంటు పిచ్, దానిమీద మ్యాటింగ్, చుట్టూ వల, ఒక కిట్టు, డజను బంతులు. సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగమిచ్చి గౌరవించిన ప్రభుత్వానికి ఇది భారం కాదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు కోత మిషన్ వెంట తిరుగుతున్నాడు. ఆదివారం మాత్రం మడికి వస్తాడు, అదే టెన్నిస్ బంతితో.