దెయ్యాల కొంపకు ముహూర్తం

డబ్బిచ్చి భయం కొనుక్కునేవాళ్ళు కూడా ఉంటారా అని మీరు అడగవచ్చు. ఉంటారు. ఈ అక్టోబరులో ఆ జాబితాలోకి నా పేరు కూడా ఎక్కేటట్లుంది.

న్యూ జెర్సీలో ఉంటున్న మా చెల్లెలు నాచేత కాలేజీకి సెలవు పెట్టించి మరీ రప్పిస్తోంది. నేను వెళ్ళేది సరిగ్గా నెలాఖరుకు. 31వ తేదీన అక్కడ హాలోవీన్. చలికాలం ప్రవేశించే ఆ రాత్రి చచ్చినవాళ్ళు తిరిగివస్తారని వెనుకటి కెల్టు జాతులవారు నమ్మేవారట. మనకూ మహాలయ పక్షాలున్నాయి. అయితే మనం పితరులను పిలిచి గారెలు వడ్డిస్తాం. వాళ్ళు పితరుల వేషాలు వేసి టిక్కెట్లు అమ్ముతారు. అంతే తేడా.

మేనల్లుడికి పదమూడేళ్ళు. "మామయ్యా, ఫిలడెల్ఫియాలో పాత జైలుంది. రాత్రిపూట అందులో దెయ్యాలు తిరుగుతాయి. మనం వెళ్ళి తీరాలి" అని ఫోనులోనే తీర్మానించాడు. ఏడేళ్ళ మేనకోడలు ఫోను లాక్కుని, "నేనూ వస్తాను. నాకేం భయం లేదు" అంది. మా బావగారు నవ్వి, "మీరు మేష్టారు గదా బావగారూ, ఏర్పాట్లేవో మీరే చూడండి" అని భారం నా నెత్తిన పెట్టారు.

"నాకేం భయం లేదు" అన్న మాట వినగానే నా గుండె కలుక్కుమంది. ఆ వయస్సులో నేనూ ఆ మాటే అన్నాను. మా ఊరి తిరునాళ్ళలో గుడారం వేసి దెయ్యాల గుహ అని పెట్టారు. మా పెదనాన్నగారి అబ్బాయి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళి, నడిచీకట్లో తమాషాకి చెయ్యి వదిలేశాడు. అక్కడి పుర్రెలూ, కేకలూ ఇప్పుడు గుర్తులేవు. వదిలేసిన ఆ చెయ్యి గుర్తుంది. ఏడాదిదాకా చీకటిపడితే ఒంటరిగా పెరట్లోకి వెళ్ళలేదు. ఆంజనేయ దండకం నాకు కంఠతా వచ్చింది భక్తివల్ల కాదు.

అందుచేత పాఠానికి నోట్సు తయారుచేసుకున్నట్లే దీనికీ తయారుచేసుకున్నాను. ఈ వ్యాపారం నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో 1915 నాటికే ఆవిరియంత్రంతో నడిచే దెయ్యాల ఇల్లు తయారైంది. కాలిఫోర్నియా డిస్నీలాండులో 1969లో భూతగృహం తెరిచారు. ఇక ఇప్పుడు శరత్కాలం వస్తే ఊరూరా ఇవే. శని ఆదివారాల్లో జనం ఎక్కువ, సాధారణంగా ధరా ఎక్కువే. కనుక పనిరోజు మేలు. ఏ వయస్సువారికి తగునో ముందే తెలుసుకోవాలి. లోపల పొగ వదులుతారు, దీపాలు మిణుకు మిణుకుమనిపిస్తారు; ఉబ్బసం, మూర్ఛ ఉన్నవాళ్ళకు అది పనికిరాదు. అన్నిటికంటె ముఖ్యం, బయటికి పోయే దారి. 1984 మే 11న న్యూ జెర్సీలోని ఒక వినోదోద్యానంలో దెయ్యాలకోట అంటుకుని ఎనిమిదిమంది పిల్లలు చనిపోయారు. లోపల నీళ్ళు చిమ్మే ఏర్పాటే లేదు. ఆ తరువాతనే అటువంటి కట్టడాలకు కట్టుదిట్టమైన నిబంధనలు వచ్చాయి. దెయ్యం వట్టిదే కావచ్చు, నిప్పు వట్టిది కాదు.

ఇక మావాడు చెప్పిన జైలు. ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షరీ దాని పేరు. 1829లో తెరిచారు, 1971లో మూశారు. బండిచక్రపు ఆకుల్లాగా నడిమినుంచి నలుదిక్కులకూ గదుల వరుసలు. కొట్టరు, తిట్టరు, మనిషిని ఒంటరిగా కూర్చోబెడితే పశ్చాత్తాపం అదే వస్తుందని వాళ్ళ సిద్ధాంతం. ఖైదీని గదిలోనుంచి బయటికి తెస్తే, ఎవరి ముఖమూ కనబడకుండా తలకు ముసుగు వేసేవారు. 1842లో డికెన్సు వచ్చి చూసి, ఒంటిమీద పడే దెబ్బలకంటె ఈ ఒంటరితనమే ఘోరమని వ్రాశాడు. అయినా 1913 దాకా ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. శిథిలమైపోతున్న ఆ కట్టడాన్ని నిలబెట్టేందుకు డబ్బు కావలసి 1991లో హాలోవీన్ వేడుక మొదలుపెట్టారు. అంటే అక్కడ వేషం వేసిన దెయ్యాలు అసలు దెయ్యాల కొంపను పోషిస్తున్నాయన్నమాట!

పగటిపూట అదే జైలు మ్యూజియం. అది తెలిసిన తరువాత ఏర్పాటు తేలికయింది. పెద్దవాడు తండ్రితో రాత్రిపూట వెళతాడు. చిన్నదీ నేనూ పగలు వెళతాం. గదికి పైకప్పులో ఒకే ఒక వెలుతురు కన్నం ఉంటుంది. అది దానికి చూపిస్తాను. అక్కడ ఒక మనిషి ఏళ్ళ తరబడి మాట్లాడే తోడు లేక కూర్చున్నాడని చెబుతాను. భయమంటే ఏమిటో దానికి అంతకంటె చెప్పనక్కరలేదు.

ఈ సంగతి నిన్న ఫోనులో చెప్పాను.

"పగలెందుకు మామయ్యా? నీకు భయమా?" అంది.

నలభై దాటిన తెలుగు లెక్చరరును; అబద్ధమాడవచ్చు. ఆడలేకపోయాను. "అవునమ్మా" అన్నాను.

"అయితే నీ చెయ్యి నేను పట్టుకుంటాలే. వదలను" అంది.