గొట్టముల ధరకు ముందు పరీక్షా పట్టిక



ఏడుపాయల చెంత మంజీరపై 1905 నాటి ఘనపురం ఆనకట్ట మన పొలములకు నీరిచ్చుచున్నది. కాలువలో కాపాడిన నీటిని గొట్టములో పోగొట్టుకొనుట న్యాయమా? సెకనునకొక్క చుక్క కారు బీట దినమునకు సుమారు 4 లీటర్లు వృథాచేయును; అట్టివి నూరుండిన 400 లీటర్లు.

సంఘము పి.వి.సి. గొట్టములు కొనునపుడు తక్కువ ధర చెప్పినవానికే ఆర్డరిచ్చుట తగదు. ఐ.ఎస్.ఐ. ముద్ర చూచుటయే గాక, నీటి ఒత్తిడి పరీక్షా పట్టికను అడుగవలెను. ఎంత ఒత్తిడిలో, ఎంతసేపు, ఎన్నింటిని పరీక్షించిరి? ఎన్ని కారెను? ఎన్నడును ఒక్కటియు కారలేదను పట్టికకంటె, కారినవానిని చూపి లోపమును సవరించిన పట్టికయే నమ్మదగినది.

లారీ దిగిన సరకులో కొన్నిటిని మనమును పరీక్షించి, ఆ లెక్కను వారి లెక్కతో పోల్చవలెను. రెండును పొసగనిచో, ఆ వర్తకునకు మరుసటి కొనుగోలులో చోటీయరాదు. పరీక్షకగు శ్రమ, ఎండిన పంట నష్టముకంటె స్వల్పము.