ఉప్పెన వెళ్ళిపోయాక ఊరు ఎవరిది?



నవంబరు 1 సకల పరిశుద్ధుల దినం. ఆ మరునాడు మనలో చాలామందిమి సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి మన పెద్దల్ని తలచుకుంటాం. 1864లో అదే నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీదికి సముద్రం వచ్చింది. పోటు మట్టానికి పైన సుమారు 13 అడుగుల ఎత్తున లేచిన ఉప్పెన ఊరిని ముంచి, మైళ్ళ దూరం పొలాల్లోకి పోయింది. సుమారు 30,000 మంది చనిపోయారని నాటి అంచనా. మిషను బోర్డింగులో చదువుకుంటున్న ఆడపిల్లలు కూడా మునిగిపోయినవారిలో ఉన్నారు. 1843లో అక్కడ బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ ఆ మరుసటి ఏడాదే, 1865 అక్టోబరులో, అదే ఊళ్ళో కన్నుమూశారు. ఆయన పెట్టిన బడి నోబుల్ కళాశాలగా నేటికీ ఉంది.

ఒకప్పుడు బందరు గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అక్కడ వర్తకశాలలు పెట్టారు. అంతటి పట్నం తరువాత ఎందుకు వెనుకబడింది అని అడిగితే, "ఉప్పెన ముంచేసింది" అంటారు. ఆ మాట సగమే నిజం.

ఉప్పెనకు ముందే బందరు బలహీనపడింది. మద్రాసు పెరిగిన కొద్దీ కంపెనీ వ్యాపారం అటు పోయింది. ఇంగ్లండు మిల్లు గుడ్డ వచ్చి ఇక్కడి నేతగాళ్ళ పొట్ట కొట్టింది. తీరం లోతు లేనిది కాబట్టి పెద్ద ఓడలు మైళ్ళ దూరంలోనే లంగరు వేయాల్సి వచ్చేది. అప్పటికే నీరసించిన ఊరి మీద ఉప్పెన పడింది. ఆ తరువాత జరిగినవి మనుషుల నిర్ణయాలు. దండును అక్కడి నుంచి తీసేశారు. 1855లో పూర్తయిన ఆనకట్ట, 1890లలో కృష్ణ మీద కట్టిన రైలు వంతెన బెజవాడను పెద్దచేశాయి. బందరుకు రైలు వచ్చింది 1908లో, ఉప్పెన తరువాత 44 ఏళ్ళకు. అప్పటికి వ్యాపారం వేరే దారులు పట్టింది. జిల్లా కేంద్రమన్న పేరు మిగిలింది. కొత్త ఓడరేవు పనులు మొదలవడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది.

యానాంలో ఉన్న మన పాఠకులకు ఇలాంటి కథ ఇంటి పక్కనే ఉంది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి ఓడలు కట్టే రేవు. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో మరొక ఉప్పెన దాన్ని తుడిచిపెట్టాయి. నదీముఖం పూడిపోతూ ఉండడంతో రేవు మళ్ళీ లేవలేదు, వ్యాపారం కాకినాడకు పోయింది. అయినా కోరంగి పేరు మాత్రం సముద్రం దాటింది. బతుకుతెరువు కోసం బర్మా వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడివాళ్ళు "కోరంగీలు" అనేవారు. ఊరు చచ్చిపోయినా, ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ మీద దాని పేరు బతికింది. ఊరు వదిలి తరాలుగా బయట బతుకుతున్న మనకు ఆ మాట బరువు తెలుసు.

అమెరికాలోని గాల్వెస్టన్ సంగతి ఇంకో రకం. 1900 సెప్టెంబరు 8న వచ్చిన తుఫానులో సుమారు 8,000 మంది చనిపోయారు. ఒక్క అనాథాశ్రమంలోనే 90 మంది పిల్లలు, వారిని కాపాడబోయిన 10 మంది సిస్టర్లు పోయారు. ఆ ఊరివాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోలేదు. సముద్రానికి అడ్డంగా గోడ కట్టారు. రెండు వేలకు పైగా కట్టడాలను జాకీల మీద లేపి, కింద ఇసుక నింపి ఊరి మట్టాన్నే పెంచారు. ప్రాణాలు కాపాడడానికి ఆ గోడ పనికొచ్చింది. కానీ 1901లో దగ్గర్లో నూనె పడింది, 1914లో హ్యూస్టన్ దాకా ఓడల కాలువ తెరుచుకుంది, వ్యాపారం లోపలికి తరలిపోయింది. గోడ కట్టినంత మాత్రాన పాత వైభవం తిరిగి రాదు.

అయితే మనల్ని ఎక్కువగా ఆలోచింపజేయవలసింది, ఊరు లేచి నిలబడినా అందులోని పేదలు లేవలేకపోయిన కథ. 2005లో కత్రినా తుఫాను న్యూ ఓర్లీన్స్‌ను ముంచింది. ఇళ్ళు బాగుచేసుకోవడానికి ఇచ్చిన సాయాన్ని, ఇంటి పాత వెల, మరమ్మతు ఖర్చు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాని ప్రకారం లెక్కగట్టారు. నల్లజాతివారి పేటల్లో ఇళ్ళకు వెల తక్కువ. గోడ కూలితే కట్టే ఖర్చు మాత్రం అందరికీ ఒకటే. అందుకే వారికి చేతికొచ్చిన డబ్బు ఇల్లు కట్టడానికి చాలలేదు. దాని మీద కోర్టుకెక్కితే 2011లో రాజీ కుదిరింది. ఇంతలో పేదలు అద్దెకుండే నాలుగు పెద్ద ప్రభుత్వ గృహ సముదాయాలను కూల్చాలని 2007 డిసెంబరులో నగర మండలి తీర్మానించింది. 2000లో ఆ ఊరి జనాభా సుమారు 4,84,000. 2020లో 3,84,000. పర్యాటకులు తిరిగి వచ్చారు. తిరిగి రాలేనివాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివారు.

ఇది దూరదేశపు కథ అనుకోకండి. 2015 డిసెంబరు వరదల తరువాత చెన్నైలో అడయారు, కూవం ఒడ్డున గుడిసెల్లో ఉన్న వేల కుటుంబాలను ఊరికి దూరంగా పెరుంబాక్కం వంటి కాలనీలకు పంపారు. వాళ్ళ భద్రత కోసమే అన్నారు. ఆ కాలనీలు ఉన్నది పళ్ళికరణై చిత్తడి నేల అంచున. భారీ వాన వస్తే అక్కడా నీళ్ళే. పని ఊళ్ళో, ఇల్లు పాతిక కిలోమీటర్ల అవతల. ఇళ్ళలో పనిచేసే అమ్మకు, వీధులూడ్చే అన్నకు బస్సు ఛార్జీకే కూలిలో కొంత పోతుంది. చిత్తడి నేల మీద కట్టిన పెద్ద పెద్ద భవనాలను మాత్రం ఎవరూ కదిలించలేదు.

మన తీరంలో మంచి మార్పు కూడా ఉంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో దాదాపు 10,000 మంది పోయారు. వారిలో ఎక్కువమంది పాకల్లో ఉన్న కూలీలు, జాలర్లు, దళితులు. 1990 మే తుఫాను కూడా చాలా బలమైనదే. కానీ ముందే జనాన్ని తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. ఒడిశాలో 1999లో దాదాపు 10,000 మంది పోగా, 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌కు పోయినవారు 50 లోపే. హెచ్చరిక, తుఫాను భవనం, రోడ్డు ఉంటే పేదవాడి ప్రాణం దక్కుతుంది. ప్రాణం దక్కిన తరువాతి బతుకు గురించే మనం ఇంకా నేర్చుకోలేదు. పట్టా ఉన్న ఆసామికి పంట నష్టం అందుతుంది. నోటిమాట మీద కౌలు చేసినవాడు, అద్దె గుడిసెలో ఉన్నవాడు, వలస కూలీ లెక్కలోకే రారు.

దేవుని కోపం వల్లే ఊరు మునిగిందని చెప్పే బోధకులు ఇప్పటికీ ఉన్నారు. సిలోయము గోపురం కూలి చచ్చినవాళ్ళు మిగతావారికంటే పాపులు కారని యేసు చెప్పిన సంగతి వాళ్ళు మరచిపోతారు. నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం తీసి చూడండి. యెరూషలేము గోడ కడుతుండగానే పేదలు మొర పెట్టారు: పొలాలు తాకట్టులో ఉన్నాయి, పిల్లలు దాసులవుతున్నారు అని. గోడ పూర్తయ్యాక చూద్దాంలే అని నెహెమ్యా అనలేదు. పెద్దల్ని అప్పుడే నిలదీసి పొలాలు తిరిగి ఇప్పించాడు.

యువతీయువకులారా, తుఫాను వచ్చినప్పుడు బియ్యం, దుప్పట్లు పంచడంలో మన సంఘాలు ఎప్పుడూ ముందుంటాయి. అది మంచిదే. ఈసారి దానితోపాటు ఒక నోటుపుస్తకం తీసుకెళ్ళండి. ఆ పేటలో అద్దెకున్నది ఎవరు, కౌలు చేస్తున్నది ఎవరు, రేషను కార్డు నీళ్ళలో పోయింది ఎవరికి, రాసుకోండి. అధికారుల జాబితా వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. లేని పేర్ల కోసం ఆఫీసుకు మీరే వెళ్ళండి, ఒకసారి కాదు, పని అయ్యేదాకా. ఆ పని తుఫాను వచ్చిన వారంలో మొదలై, అందరూ మరచిపోయిన మూడో ఏట కూడా సాగాలి.

బందరు ఉప్పెనలో పోయిన బోర్డింగు పిల్లల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? కనీసం ఇప్పుడు బతికి ఉన్నవాళ్ళ పేర్లైనా మనం రాసిపెట్టుకుందాం.